మళ్ళీ వినలేని సాహిత్యం

ఆ నాటకం రాసిందెవరో నాకు ఇప్పటికీ తెలీదు. కిందటి వేసవిలో ఒక ఆదివారం, ఇక్కడ న్యూ జెర్సీలో తెల్లవారుజామున మెలకువ వచ్చి, ఇంక నిద్ర పట్టక, ఫోనులో ఆకాశవాణి తెలుగు కేంద్రం ఒకటి పెట్టాను. అక్కడ మధ్యాహ్నం మూడు దాటింది. నాటకం అప్పటికే మొదలైపోయింది. అన్నదమ్ములిద్దరు ఇల్లు పంచుకుంటున్నారు. ఇంటి మధ్యలో గోడ లేస్తోంది. తాపీ చప్పుడు వెనక వినపడుతూనే ఉంటుంది. అది ఆగినప్పుడల్లా ఇద్దరూ మాట్లాడుకుంటారు, మొదలవగానే మానేస్తారు. చివర్లో తాపీ ఆగింది. గోడ పూర్తయిందా, పని మాన్పించేశారా అని నేను చెవి ఒగ్గి వింటూ ఉంటే ఆ నిశ్శబ్దం అలాగే సాగింది. కాసేపటికి గానీ అర్థం కాలేదు, ఆగింది నా ఇంటర్నెట్టని. మళ్ళీ కలిసేసరికి ఏదో లలితగీతం వస్తోంది.

ఆ నాటకం గురించి రాద్దామని కూచున్నాను. రచయిత పేరు తెలీదు, నటుల పేర్లు తెలీవు, ముగింపు తెలీదు. పోనీ మళ్ళీ విందామంటే, వెతికినంత మేర ఎక్కడా దొరకలేదు. అందుకని ఈ వ్యాసం ఆ నాటకం గురించి కాదు, దాని మీద వ్యాసం రాయలేకపోవడం గురించి.

విదేశాల్లో ఉండి మన రేడియో వినడం ఇవాళ కష్టమేమీ కాదు. ప్రసారభారతి వాళ్ళ న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో రెండు వందలకు పైగా ఆకాశవాణి ప్రసారాలున్నాయి. విజయవాడ, హైదరాబాదు, విశాఖ, ఏది కావాలంటే అది. 2024 నవంబరులో వేవ్స్ అని ఇంకొకటి తెచ్చి, దూరదర్శన్ ఛానళ్ళని కూడా అందులో చేర్చారు. ఈ విషయంలో మనవాళ్ళు బీబీసీ కంటే ఉదారంగానే ఉన్నారు. బ్రిటన్ దాటితే బీబీసీ ఐప్లేయర్ పనిచేయదు. 2025 జూలైలో రేడియో తాలూకు సౌండ్స్ యాప్‌ని కూడా విదేశీ శ్రోతలకు మూసేసి వేరే దారి చూపించారు. షార్ట్‌వేవ్ రోజుల్లో ఇలాంటి పేచీ లేదు. 1952లో మంత్రి అయిన కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకి కళ్ళెం వేస్తే, జనం ముల్లు తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. మా అమ్మ మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం పని ముగించుకుని కూచునేది. ఆ తరంగం సముద్రం దాటి వచ్చేది గానీ, నువ్వే ఊళ్ళో ఉన్నావని అడిగేది కాదు.

సరే, తలుపు తెరిచే ఉంది. లోపల ఏముంది?

నాకు మొదట దొరికింది ఊరు. అక్కడి పొద్దుటి భక్తిరంజని నాకు రాత్రి అంట్లు తోమే వేళకి వస్తుంది. మిరపలో తామరపురుగుకి ఏ మందు కొట్టాలో ఒకాయన నిదానంగా చెబుతాడు. నాకు మిరపతోట లేదు. ఉన్నదల్లా వరండాలో రెండు కుండీలు. అయినా చివరిదాకా వింటాను. ఎందుకంటే ఆయన నాతో మాట్లాడటం లేదు. ఇక్కడి తెలుగు ఛానళ్ళన్నీ నాతోనే మాట్లాడతాయి: నా వీసా, నా ఇంటి అప్పు, హైదరాబాదు శివార్లలో నేను కొనాల్సిన ఫ్లాటు. ఆకాశవాణికి నేను ఉన్నానన్న సంగతే తెలీదు. పక్క గదిలో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే పడుకుని విన్నట్టు ఉంటుంది. ప్రత్యక్ష ప్రసారానికి ఉన్న విలువ ఇదేననుకుంటాను. దీనికి వేళ తప్పినా ఫరవాలేదు.

నాటకం సంగతి వేరు. రూపకం, సాహిత్య ప్రసంగం, గేయనాటిక, ఇవి కృతులు. కృతి దగ్గరికి మళ్ళీ వెళ్ళగలగాలి. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. హైదరాబాదులో దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి చేతికొచ్చింది. కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, మునిమాణిక్యం, దాశరథి ఆకాశవాణిలో పనిచేసినవాళ్ళే. రజనీకాంతరావుగారి జీవితం సగం అక్కడే గడిచింది. గోరాశాస్త్రి రేడియో కోసమే నాటికలు రాశారు. ఇంతమంది ఇన్నేళ్ళు పనిచేసిన ఒక ప్రక్రియ మీద మనకి ఎంత విమర్శ ఉంది? కథ మీద ఉన్నదాంట్లో పదో వంతు కూడా కనపడదు. విమర్శకుల నిర్లక్ష్యం అనడం తేలిక. చేతిలో లేనిదాని మీద ఎవరు మాత్రం ఏం రాస్తారు?

కొన్ని నాటికలు పుస్తకాలుగా వచ్చాయి కదా అనవచ్చు. వచ్చాయి. కానీ అచ్చులో తాపీ చప్పుడు కుండలీకరణాల్లో ఒక మాట, అంతే. అది ఎప్పుడు ఆగిందో, ఎంతసేపు ఆగిందో కాగితం చెప్పదు. నేను విన్న నాటకానికి ప్రాణమంతా అక్కడే ఉంది.

ఇవాళ దొరుకుతున్న కాస్తా చాలావరకు శ్రోతల చలవే. చిలకమర్తి 'గణపతి' నాటకాన్నీ, ఉషశ్రీ పురాణ ప్రసంగాలనీ ఎవరో ఇంట్లో క్యాసెట్టు మీద ఎక్కించి, దాచి, ఓపిగ్గా కంప్యూటర్లోకి మార్చి పెట్టారు గనక నాలాంటివాళ్ళు వింటున్నారు. కొన్ని కేంద్రాలు తమ కార్యక్రమాలని యూట్యూబులో పెడుతున్నాయి, సంతోషం. అయితే చాలాచోట్ల శీర్షిక ఉంటుంది, రచయిత పేరుండదు. మొదట ప్రసారమైన తేదీ ఉండదు.

పన్ను కట్టనివాడివి, నీకెందుకీ ఫిర్యాదు అని ఎవరైనా అంటే న్యాయమే. మా నాన్న పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టేవాడు, నేను దమ్మిడీ కట్టలేదు. కానీ ఆ ఆదివారం తెనాలిలో పెళ్ళికెళ్ళినవాడికీ, షాపు కట్టేయలేని కిరాణా ఆయనకీ కూడా ఆ నాటకం అందలేదు. ఇది దూరదేశపు సమస్య కాదు. తొమ్మిదిన్నర గంటల తేడా వల్ల నాకు ముందు తెలిసిందంతే.

ఫ్రాన్సులో 1992 నుంచి పుస్తకాలతో పాటు రేడియో, టీవీ ప్రసారాలని కూడా చట్టప్రకారం భద్రపరచాలి. ఆ పని చూసే సంస్థ, ఐఎన్ఎ, 2006లో తన నిధిలో కొంత భాగాన్ని ఇంటర్నెట్టులో అందరికీ తెరిచింది. మనకి 1954 నాటి చట్టం ఉంది. పుస్తకం అచ్చేస్తే జాతీయ గ్రంథాలయానికి ప్రతి పంపాలి. పత్రికలూ ఆ చట్టం కిందికే వస్తాయి. ప్రసారమైన మాటకి అందులో చోటు లేదు. అచ్చయితేనే సాహిత్యం అని మనం కూడా ఎక్కడో ఒప్పుకున్నట్టే ఉంది.

హక్కుల చిక్కులు నిజమే. ఒక్క నాటకంలో రచయిత, నటులు, వాద్యకారులు, అందరి వాటా ఉంటుంది. అందుకని రేపే అంతా తెరవమని అడగను. ముందు ఒక జాబితా కావాలి: ఏ నాటకం, ఎవరు రాశారు, ఎవరు నటించారు, ఏ రోజు ప్రసారమైంది, టేపు ఉందా పోయిందా. పోయినవాటి పేర్లయినా ఉంటే, ఏ ఇంటి అటక మీదో ఉన్న క్యాసెట్టుని గుర్తుపట్టడానికి ఆధారం దొరుకుతుంది.

ఆ గోడ పూర్తయిందో లేదో మీలో ఎవరైనా విని ఉంటే చెప్పండి. ఆ ఆదివారం తర్వాత చాలా ఆదివారాలు పొద్దున్న ఐదున్నరకి అలారం పెట్టుకుని లేచాను. వేరే నాటకాలొచ్చాయి. బాగానే ఉన్నాయి. ఈసారి పక్కనే కాగితం, పెన్సిలు పెట్టుకుని పేర్లు రాసుకుంటున్నాను.