వెంట్రుక మందం ఎంత?

"తల వెంట్రుక మందం 70 మైక్రాన్లు, అంటే 7 మిల్లీమీటర్లు." ఈ వారం నంద్యాలలో మా పక్కింటి ఏడో తరగతి పాప నోటుపుస్తకంలో కనిపించిన జవాబిది. పైన ఎర్ర సిరాతో తప్పు గుర్తు, పక్కన 0.07. అంతే. ఏడు మిల్లీమీటర్లంటే పెన్సిలంత లావు. అంత లావు వెంట్రుక ఎవరి నెత్తిన ఉంటుందమ్మా అని అడిగినవాళ్లు లేరు. చుక్క జరపడం నేర్పుతున్నాం గానీ కొలత నేర్పడం లేదు.

ఇలాంటప్పుడు మనసు ఆళ్లగడ్డ శిల్పుల మీదికి పోతుంది. శిల్పశాస్త్రం చెప్పిన ఉత్తమ దశతాళమనే కొలతల పద్ధతిలో విగ్రహం ఎత్తును 124 భాగాలు చేస్తారు. ఒక్కో భాగం ఆ విగ్రహానికి అంగుళం. 1,240 మిల్లీమీటర్ల విష్ణుమూర్తికి ఆ అంగుళం 10 మిల్లీమీటర్లు, అందులో ఎనిమిదో వంతు యవ, 1.25 మిల్లీమీటర్లు. కనురెప్ప అంచున ఉలి ఒక్క యవ పక్కకు పోతే స్వామి చూపే మారిపోతుంది. యవ కింద యూకం, లిక్ష, వాలాగ్రం, రథధూళి, పరమాణువు, అన్నీ ఎనిమిదో వంతులే. పేను, ఈపి, వెంట్రుక కొస, రథం లేపిన దుమ్ము! తెలిసిన వస్తువుల మీదుగా కిందికి దించే ఈ లెక్కే సున్నాల లెక్క కన్నా పిల్లలకు మేలని రాద్దామని కూర్చున్నాను.

ముందు లెక్క వేసి చూశాను. విగ్రహంతో మారని మానాంగుళాన్ని సుమారు 19 మిల్లీమీటర్లనుకుంటే యూకం 0.3 మిల్లీమీటర్లకు వస్తుంది. నిజం పేను రెండు మూడు మిల్లీమీటర్లుంటుంది. వాలాగ్రమైతే 5 మైక్రాన్ల లోపే. పేర్లు మెట్లకు పెట్టినవే తప్ప కొలతలు కావు. పైగా ఎనిమిదితో భాగిస్తూ పోతే మూడో మెట్టు దగ్గరే కాగితం కావాలి. మిల్లీమీటరు నుంచి మైక్రానుకు మూడు స్థానాలు, అక్కణ్నుంచి నానోమీటరుకు మరో మూడు. పాపకు ఇదే సులువు. చేతికి ఒక వస్తువు మాత్రం ఇవ్వాలి.

120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ సంచులకు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది. ఆ అంకె అచ్చేసి ఉన్న సంచి ఒకటి ఇచ్చాను. పరిచి రెండుసార్లు మడిస్తే ఎనిమిది పొరలు. పాప గట్టిగా నొక్కి స్కేలు అంచున పెట్టింది. దాదాపు ఒక గీత. 960 అని రాసి, చుక్క జరిపి, 0.96 వేసింది. అడక్కుండానే కూరగాయలు తెచ్చిన ఇంకో సంచినీ మడిచింది. సగం గీత కూడా రాలేదు. ఎనిమిదితో భాగించి, "ఇది అరవై మైక్రాన్లు కూడా ఉండదేమో, తాతా" అంది.