ఐదో కంపార్ట్‌మెంట్ స్నేహం

ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామిలో గైడుగా కుదురుకున్నాక నోరు దానంతటదే నడిచిపోతుంది. 91 మీటర్ల పొడవు, ఏడు కంపార్ట్‌మెంట్లు, 22 టార్పెడోలు, 75 మంది సిబ్బంది. 1969 డిసెంబరు 18న సోవియట్ రేవు రిగాలో మన నౌకాదళంలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 ఆగస్టుకల్లా విశాఖ ఆర్కే బీచ్ ఇసుకలో మ్యూజియమై కూర్చుంది. ఆదివారం సాయంత్రం వెనకనుంచి జనం తోసుకొస్తుంటే అంతకుమించి చెప్పే తీరికెక్కడిది? అడిగేవాళ్లు అడిగేదీ ఒకటే: బాత్రూం ఎక్కడండీ? మేం జలాంతర్గామిలో పనిచేసిన రోజుల్లో మంచినీళ్లకే కటకట, స్నానం ఊసే ఎత్తేవాళ్లం కాదంటే ముక్కున వేలేసుకుంటారు.

టార్పెడోల దగ్గర, పెరిస్కోపు దగ్గర ఫొటోలు దిగినవాళ్లు ఐదోదాంట్లో మాత్రం నిలవరు. అక్కడున్నవి మూడు డీజిల్ ఇంజన్లు, చూడ్డానికి ఒట్టి ఇనుము. నాకు మాత్రం అదే ప్రాణం.

ఒకాయన ఆగాడు. మనవడి చెయ్యి పట్టుకునే, రెండో చెయ్యి ఇంజను మీద ఆనించి అడిగాడు: "నీళ్లలో ఉంటే వీటికి గాలెక్కడిదండీ?"

ఎవరూ అడగని ప్రశ్న. లోతుకెళ్తే బ్యాటరీలు, మోటార్లే దిక్కు. పైకొచ్చి స్నార్కెల్ గొట్టం బయటపెడితేనే డీజిల్ తిరిగేది, బ్యాటరీ నిండేది. అల మీద పడి గొట్టం మూత పడిందా, ఇంజన్లు లోపలున్న మన గాలినే లాగేస్తాయి, చెవులు టప్పున మూసుకుపోతాయి. ఆ చప్పుడులో మాట వినపడదు, అన్నీ సైగలే. ఆపమనడానికి అరచేయి కిందికి పెట్టి అడ్డంగా ఊపి చూపించాను.

"మా క్రేన్ వాడిక్కూడా ఇదేనండీ!" అన్నాడాయన. స్టీల్‌ప్లాంటులో ఉక్కు కరిగించే ఎస్‌ఎంఎస్ విభాగంలో చేసి రిటైరయ్యాడట. 'దించు', 'కొంచెం ఆగు', 'పైకెత్తు' అంటూ చేతులాడిస్తుంటే వెనకాల లైను నిలిచిపోయింది. మనవడు సిగ్గుపడిపోయాడు.

సోమవారం మ్యూజియానికి సెలవు. ఆ రోజు కూర్మన్నపాలెం గేటు దగ్గర నన్ను బండెక్కించుకుని ఉక్కునగరమంతా తిప్పాడు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ: ఫర్నేసులకి పెట్టిన పేర్లు ఇంటి ఆడపడుచుల్ని పిలిచినట్టు పిలుస్తాడు. టన్నుల లెక్క ఒక్కటీ చెప్పలేదు. సి షిఫ్టులో తెల్లవారుజామున నిద్ర ఎలా తన్నుకొస్తుందో, కరిగిన ఉక్కు నిండిన ల్యాడిల్ దాటిపోతుంటే ముఖం ఎటు తిప్పుకోవాలో చెప్పాడు. గైడంటే నేను కాదు, ఈయన అనిపించింది, కొంచెం కుళ్లు కూడా పుట్టింది.

ఇప్పుడు నా లెక్కలు సగానికి తగ్గించాను. లోపలికొచ్చినవాళ్లని ముందు నేనే అడుగుతున్నాను, మీరేం పని చేస్తారని. లారీ డ్రైవరైతే ఇంజన్ల దగ్గరికి, వంటమాస్టారైతే ఆ ఇరుకు వంటింటి దగ్గరికి. నా బ్యాచి ఆలస్యమవుతోందని తోటి గైడ్లు సణుగుతారు, సణగనీ.

ఆయనా ఊరుకోడు. వియ్యాలవారొచ్చినా, ఊరినుంచి చుట్టాలొచ్చినా కుర్సురాకే తెస్తాడు. ఐదోదాంట్లో అడుగుపెట్టగానే నాకు సందివ్వకుండా స్నార్కెల్ సంగతంతా తానే అందుకుంటాడు. అలల ఎత్తు కాస్త ఎక్కువే చెబుతాడు.