పహాణీలో లేనివాళ్ళ చిరునామా

సూరత్‌లో లింబాయత్, ఉధనా, డిండోలి వైపు తెలుగువాళ్ళ ఇళ్ళకు వెళ్తే నేను పాత ఫోటోలు అడగను. మనియార్డరు రసీదులు ఏమన్నా దాచారా అని అడుగుతాను. మొదట నవ్వుతారు. డబ్బు ఎప్పుడో చేరింది, ఖర్చయింది, ఇక ఆ కాగితంతో పనేమిటి అంటారు. కాసేపటికి ఇంట్లో పెద్దాయన ఎవరో మనవణ్ణి పిలిచి అటక మీది రేకుపెట్టె దింపమంటాడు.

వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నుంచి పద్మశాలీలు సాంచల (మరమగ్గాల) పని వెతుక్కుంటూ ఈ ఊరికి వచ్చి తరాలు గడిచాయి. అహ్మదాబాద్ నుంచి చెన్నై పోయే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్‌నూ వరంగల్‌నూ ఒకే పట్టాల మీద కలిపింది కాబట్టి రాకపోకలకు లోటు లేదు. కానీ వాళ్ళు వదిలొచ్చిన ఊరు ఎలా ఉండేది, అక్కడ ఎన్ని మగ్గాలు ఆడేవి, ఎవరెవరు కదిలారు అని రాయబోతే చేతికి కాగితం దొరకదు. మనకు ఊరి చరిత్ర అనగానే రెవెన్యూ రికార్డు గుర్తొస్తుంది. అందులోని పహాణీ పుస్తకం భూమి ఉన్నవాణ్ణి రాసేది, ఆ భూమి దున్నేవాణ్ణి రాసేది. గుంట నేల కూడా లేని మగ్గమోళ్ళ ఇల్లు ఆ పుస్తకంలోకి ఎలా ఎక్కుతుంది? పోస్టాఫీసు లెక్క వేరు. ఇంట్లోంచి ఒక్క మనిషి బయటికి పోయి నెలకో రెణ్ణెల్లకో ఇంత పంపిస్తే చాలు, ఆ ఇంటికి ఒక చిరునామా, ఒక తేదీ, ఒక సంతకం పుడతాయి. అందుకే తహసీలు ఆఫీసు బీరువాకన్నా తపాలా బంట్రోతు సంచి మీద నాకు గురి ఎక్కువ.

మన దేశంలో తపాలా శాఖ మనియార్డరు మొదలుపెట్టింది 1880 జనవరి 1న. కమీషన్ కట్టి ఫారం నింపితే, పోస్టుమ్యాన్ గుమ్మం ముందుకొచ్చి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేవాడు. ఫారంలో అడుగున నాలుగు ముక్కలు రాసుకునే చోటుండేది. ఆ ముక్కను చింపి డబ్బుతోపాటు అందుకున్నవాళ్ళకు ఇచ్చేసేవారు. అందినట్టు సంతకం పెట్టిన ముక్క మాత్రం పంపినవాడికి తిరిగొచ్చేది. అంటే కొడుకు రాసిన మాట తెలంగాణ పల్లెలో ఉండిపోయింది, తల్లి వేలిముద్ర సూరత్‌కు వచ్చింది. ఇక్కడి రేకుపెట్టెల్లో నాకు దొరికేవి ఈ వేలిముద్రలే.

అలాంటిదొకటి లింబాయత్‌లో ఒక పెద్దాయన నా అరచేతిలో పెట్టాడు. మడతల దగ్గర చీలిపోయి, ఒక మూల నూనె మరక. ఊదారంగు సిరాలో బొటనవేలి ముద్ర, దాని పక్కన ఎవరిదో పొందికైన తెలుగు సంతకం. ‘గిది మా అవ్వ ఏలుముద్ర బిడ్డా. పక్కనున్న దస్కతు మా బడి సారుది. పోస్టు గూడ ఆ సారు ఇంట్లనే ఉంటుండె’ అన్నాడు. వేలిముద్ర వేస్తే చదువొచ్చినవాడెవరో సాక్షి సంతకం పెట్టాలి. ఆ సాక్షుల పేర్లు వరసగా రాసుకుంటే ఆ ఊళ్ళో చదువుకున్నవాళ్ళు ఎవరో, ఎవరి గుమ్మంలో పోస్టు నడిచిందో తేలిపోతుంది. ఏ గెజిటీరు ఈ సంగతి చెబుతుంది?

ఇక గుండ్రటి ముద్ర. పల్లె బ్రాంచి పోస్టాఫీసు ముద్రలో పైన ఆ ఊరి పేరు, చాలావాటిలో కింద దాని హిసాబు చూసే పెద్ద పోస్టాఫీసు పేరు ఉంటాయి. సిరా సరిగా పడకపోతే సగం అక్షరాలే కనిపిస్తాయి. అప్పుడు చిరునామా ఆదుకుంటుంది. మనవాళ్ళు చిరునామా రాసే తీరే వేరు కదా: గ్రామం ఒకటి, పోస్టు ఇంకొకటి, వయా మరొకటి, ఆపైన తాలూకా, జిల్లా. గ్రామం పేరూ పోస్టు పేరూ వేరైతే అది సొంత పోస్టాఫీసు లేని చిన్న ఊరు. వయా అన్నచోట ఉన్నది టపా సంచి దిగే ఊరు. తాలూకా అని ఉంటే 1985కు ముందుది అనుకోవచ్చు, ఆ ఏడే ఆంధ్రప్రదేశ్‌లో మండలాలు వచ్చాయి. పిన్ కోడ్ ఉందంటే 1972 ఆగస్టు 15 తర్వాతిదే. అయితే పిన్ లేనంత మాత్రాన అంతకు ముందుదని చెప్పలేం. మన నేత పెద్దలు ఈనాటికీ సిరిసిల్లను కరీంనగర్ జిల్లా అనే రాస్తారు, ఆరంకెలు గుర్తుపెట్టుకుంటారా!

ఇంకా వెనక్కి పోతే దారి రెండుగా చీలుతుంది. నైజాం సంస్థానానికి 1869 నుంచి సొంత తపాలా బిళ్ళలున్నాయి. వాటిలో 1871 నాటివాటి మీద వెల తెలుగులోనూ అచ్చయింది. ఆ బిళ్ళలు సంస్థానం ఎల్లల లోపలే చెల్లేవి. 1950 ఏప్రిల్ 1న నైజాం తపాలా శాఖ భారత తపాలాలో కలిసింది. కాబట్టి అంతకు ముందు బొంబాయికో షోలాపూర్‌కో పోయిన నేతగాడి ఇంటి కాగితాల్లో నైజాం బిళ్ళలూ భారత తపాలా బిళ్ళలూ రెండూ ఎదురుపడొచ్చు.

బ్రిటిషు తపాలాలో మరో తమాషా ఉంది. కొత్త పల్లెలో పోస్టాఫీసు గిట్టుబాటు అవుతుందో లేదో తెలియనప్పుడు ‘ఎక్స్‌పెరిమెంటల్’ అని తెరిచేవారు. దాని ముద్రలో ఊరి పేరు ఉండదు, ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి, అంతే. గిట్టుబాటయితే పేరున్న ముద్ర వచ్చేది. లేకపోతే పోస్టాఫీసు మూసి, ఆ అంకెను ఇంకో ఊరికి ఇచ్చినా ఇచ్చేవారు. తపాలా బిళ్ళలు పోగుచేసేవాళ్ళు ఈ ముద్రలకు ఎగబడతారు. వాళ్ళకు అరుదైన ముద్ర కావాలి, నాకు ఆ అంకె వెనకున్న ఊరు కావాలి. ఇద్దరం ఒకే కవరు కోసం బేరమాడుతున్నప్పుడు ఈ తేడా ఎవరికీ పట్టదు, ధర పెరుగుతుంది.

సూరత్‌లో కూర్చుని ఇలా ఊళ్ళు వెతికే పని చేసేవాడు ఉకాయి ఆనకట్టను దాటేసి పోలేడు. తాపీ నది మీద ఆ ఆనకట్ట పూర్తయింది 1972లో. దాని కింద సుమారు 170 గ్రామాలు పూర్తిగానో కొంతమేరో మునిగాయి. ఎక్కువగా గామిత్, చౌధరి, వసావా ఆదివాసుల ఊళ్ళు. పిన్ కోడ్ పుట్టిన ఏడూ అదే. నీళ్ళలోకి పోయిన ఊళ్ళకు ఆ ఆరంకెలు అందే వేళకు అక్కడ ఉత్తరం అందుకునే మనిషే లేడు. వాటిని వెతకడానికి నేను పాత జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్కులు తిరగేస్తాను. ఊరి పేరుకు ఎదురుగా బడి, బావి వరసలోనే పోస్టాఫీసు ఉందో లేదో కూడా రాసి ఉంటుంది. 1961 పుస్తకంలో పోస్టాఫీసున్న ఊరు తర్వాతి పుస్తకాల్లో లేకపోతే అక్కడ ఆగాలి. ఊరు పేరు మార్చుకుందా, పక్క ఊళ్ళో కలిసిందా, మునిగిందా?

2006 ఆగస్టులో ఆ ఉకాయి నుంచే వదిలిన నీళ్ళతో సూరత్ నగరం చాలామటుకు మునిగింది. కింది గదుల్లో మంచాల కింద ఉన్న రేకుపెట్టెలు తడిసి, రసీదులు అట్టకట్టుకుపోయాయి. నాకు ఇప్పుడు దొరికేవన్నీ అటక ఎక్కి బతికిన కాగితాలు. పోస్టాఫీసు తన దగ్గరున్న కాగితాలను గడువు తీరాక ధ్వంసం చేస్తుంది, అది వాళ్ళ నిబంధన. అందుకని పోస్టాఫీసు రికార్డు కావాలంటే తపాలా శాఖకన్నా ముందు జనం ఇళ్ళలో వెతకాలి.

మన వైపూ ఇదే కథ నడిచింది. సిరిసిల్ల దగ్గర మధ్య మానేరు జలాశయం కింద కొదురుపాక, వరదవెల్లి, చింతలఠాణా లాంటి ఊళ్ళు పోయాయి. పేరు మాత్రం పునరావాస కాలనీకి ఎక్కింది. పాత ముద్ర మీది ఊరు నీళ్ళలో ఉంది, అదే పేరు గట్టు మీద మరోచోట ఉంది. ఏ ఉత్తరం ఏ ఊరికి వెళ్ళిందో ఇప్పుడే రాసిపెట్టకపోతే ఇరవై ఏళ్ళ తర్వాత రెండూ ఒకటే అనుకుంటారు.

అన్ని డబ్బులూ పోస్టాఫీసు ద్వారా పోలేదు, అదీ చెప్పాలి. సూరత్‌లో ఒడిశా గంజాం వాళ్ళకు టప్పావాలాలు ఉన్నారు. రొక్కం చేతికి తీసుకుని ఊరికి మోసుకెళ్ళి ఇంటింటికీ ఇచ్చొస్తారు. నమ్మకం మీద నడిచే పని కనుక నాలాంటివాడికి చిత్తు ముక్క కూడా మిగలదు. పాత మనియార్డరు 2015లో ఆగింది. అంతకు ముందే వచ్చిన ఈ-మనియార్డరులో ముందే అచ్చేసిన వాక్యాల్లోంచి ఒక నంబరు ఎంచుకోవాలి. ఇప్పుడు ఫోన్‌లో నొక్కితే డబ్బు చేరిపోతోంది. తల్లికి అది మేలే, నేను కాదనను.

ఇక చదివేవాళ్ళకు ఒక మాట. మీ ఇంట్లో పాత రసీదులుంటే పాత కాగితాలు కొనే పస్తీవాలాకు తూకం వేసేముందు ముద్ర ఉన్న వైపూ చిరునామా ఉన్న వైపూ రెండూ ఫోటో తీయండి. ఎంత పంపారన్నది మీ ఇంటి గుట్టు, ఆ అంకె మీద వేలు పెట్టి తీసినా నాకు ఫరవాలేదు. ఊరి పేరు, పోస్టు, వయా, సాక్షి సంతకం కనిపిస్తే చాలు. ముద్ర సరిగా లేదని వదిలేయకండి, సగం పేరున్నా పనికొస్తుంది.