'గబ్బిలము' : దూత యేల కావలసెను?

గుఱ్ఱము జాషువ కవి 1941 లో వెలువరించిన 'గబ్బిలము'ను గూర్చి మాటాడువారు తఱచుగా కాళిదాసుని మేఘసందేశముతో నారంభించి, అనుకరణము చక్కగా నున్నదని మెచ్చి, అచ్చటనే నిలిచిపోవుదురు. ఆ మెప్పు కావ్యమునకు న్యాయము చేయదు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడు పోలికకంటె భేదమే నాకు ముఖ్యముగ దోచినది.

యక్షుడు తన పనియందు ఏమఱెను; కుబేరుడు శపించెను. తప్పు కలదు, శిక్ష కలదు, శిక్షకు ఒక సంవత్సరమని గడువును కలదు. జాషువ నాయకుడు చేసిన తప్పేమి? పుట్టుట. అతని శిక్షకు గడువేది? వివక్షను గుర్తించుటకు ఇంతకంటె సులువైన పరీక్ష నే నెఱుగను: తప్పు చూపలేని శిక్ష, గడువు లేని శిక్ష యెచ్చట నున్నదో యచ్చట నది యున్నది. బాధపడువానికి సైతము ఈ గుర్తింపు తేలికగా రాదు. అది వాని కర్మమని మనము తరతరములుగా చెప్పి యుంచితిమి. ఆ కర్మమును నిలదీయుటయే ఈ కావ్యమునకు ప్రాణము. కరుణరసమన్నది పిదపమాట.

ఇక దూత. యక్షుడు జడమేదో ప్రాణియేదో తెలియని విరహములో మేఘమును బిలిచెను. ఈ నాయకునికి అట్టి భ్రమ లేదు. తాను కాలు పెట్టరాని గుడిలో తలక్రిందుగ వ్రేలాడగల ప్రాణి గబ్బిలము. పూజారి లేని సమయము చూచి శివుని చెవిని వేయుమనుట చక్కని వ్యవహారజ్ఞానము. కొందఱు దీనిని నాయకుని దైన్యమందురు. నా యుద్దేశమున నిది మనమీద మోపిన నేరము: ఊరిలో చదువుకొన్నవా రుండియు వినువాడొక్కడు దొరకలేదు.

1950 లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసెను. 1955 లో దానిని శిక్షించు శాసనమును, 1989 లో షెడ్యూల్డు కులములు, తెగలవారిపై అత్యాచారములను నిరోధించు శాసనమును వచ్చినవి. ఈ రెండవ శాసనముక్రింద ఠాణాలో వ్రాయించిన ఫిర్యాదు నకలు ఉచితముగా నీయవలెను, ఠాణాధికారి నిరాకరించినచో జిల్లా పోలీసు సూపరింటెండెంటునకు టపాలో పంపవచ్చును, దర్యాప్తును డి.యస్.పి.కి తక్కువకాని యధికారి చేయవలెను. న్యాయసేవాధికార సంస్థ రుసుము లేకుండ వకీలును సమకూర్చును. 14566 సంఖ్యకు ఏ వేళనైనను టెలిఫోను చేయవచ్చును. దూతలకు నేడు కొఱత లేదు. కాని ఠాణా మెట్లెక్కునప్పుడు తోడువచ్చుటకు, చూచినది చూచినట్లు సాక్ష్యము చెప్పుటకు మనుష్యుడే కావలెను.

ఈ కావ్యమును చదివి కన్నీరు పెట్టుకొనిన మిత్రుడొకడు నాకు గలడు. ఆ సాయంకాలమే వారి పెరటిలో, గోడమీద వేఱుగా బోర్లించి యుంచిన గ్లాసులో పనిమనిషికి కాఫీ పోసిరి. ఇదేమని యడిగితిని. మా అమ్మగారి నాటినుండి యున్న యలవాటనెను. నేను మఱి మాటాడక, నాకిచ్చిన వెండిగ్లాసులోని కాఫీ త్రాగి లేచి వచ్చితిని.