యజమాని పేరెరుగని ఫైలు

ఈ వారము ఒక చిన్న కార్యాలయములోని లినక్స్ సర్వరుకడ జరిగిన సంగతి నన్ను మిక్కిలి నొప్పించినది. కొత్తగా ఉద్యోగమున చేరిన యొక యువతి తన అకౌంటుతో లాగిన్ అయి చూడగా, తానెన్నడును వ్రాయని జీతాల పట్టికలును, ఉత్తరములును తన పేరిట నుండెను. వానిని చదువవలసిన అకౌంటెంటుగారికో, తెరువబోయిన ప్రతి పర్యాయమును ‘పర్మిషన్ డినైడ్’ అను సమాధానమే ఎదురయ్యెను. సర్వరు బాగోగులు చూచు కుర్రవాడు క్షణమైనను ఆలోచింపక ఆ ఫోల్డరు మొత్తమునకు 777 ఇచ్చి, పని ముగిసినదని ఇంటికి వెళ్లెను.

777తో నాకు గల వైరము ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడపుటకు 1 చొప్పున మూడు హక్కులును కూడగా వచ్చిన ఏడును యజమానికిని, గ్రూపునకును, తక్కిన లోకమునకును సమముగా పంచిపెట్టుట అది. జీతాల పట్టికను ఎల్లరును చదువగలుగుట యొక కీడు. అంతకు మించిన కీడు వేరొకటి కలదు. యూనిక్స్‌లో ఫైలును తుడిచివేయు హక్కును నిర్ణయించునది ఆ ఫైలున్న డైరెక్టరీ. కావున డైరెక్టరీకి 777 ఇచ్చినవాడు అందులోని ప్రతి ఫైలును తుడిచివేయు అధికారమును ఆ సర్వరు నెక్కిన ప్రతివానికిని ఇచ్చినవాడగును. ఎల్లరును వాడుకొను టెంప్ డైరెక్టరీకి స్టికీ బిట్ చేర్చి 1777గా నుంచుట ఇందువలననే.

అనుమతులను ముట్టుకొనుటకు ముందు ఆ ఫైలు ఎవరిదని అడుగవలెను. అందుకు ‘ఎల్‌ఎస్’ ఆజ్ఞకు ‘-ఎన్’ చేర్చి చూచిన చాలును. పేర్లకు బదులు సంఖ్యలు కనబడును. డిస్కుపై ఫైలు ఐనోడ్‌లో నిలిచియుండునది యజమాని సంఖ్య మాత్రమే. ఆ సంఖ్య ఎవరిదో చెప్పునది ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌వర్డ్ ఫైలు. ఇక్కడ ఉద్యోగము మానిన యొకరి అకౌంటును తుడిచివేసిరి, వారి ఫైళ్లు మాత్రము మిగిలెను. ‘యూజర్‌యాడ్’ ఉన్న సంఖ్యలలో పెద్దదానికి ఒకటి కలిపి కొత్తవారికిచ్చును గనుక, వెళ్లినవారిదే చివరి సంఖ్య యగుటచే, అదియే ఈమెకు దక్కినది. యాత్రాస్థలమున సామాన్ల గదిలో మూట విడిచిపోయినవాని బిళ్లను వేరొక యాత్రికుని చేతికిచ్చినట్లయినది.

యాజమాన్యమును గూర్చి తలచినపుడెల్ల నాకు బెల్ ల్యాబ్స్ వారి యూనిక్స్ జ్ఞప్తికి వచ్చును. 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు ఆరంభించిన ఆ వ్యవస్థ తొలినాళ్లలో, యజమాని తన ఫైలును తానే మరియొకరికి దానము చేయగలిగెడివాడు. 1979 నాటి ఏడవ సంచిక మాన్యువలులో ఆ హక్కు రూట్‌కు మాత్రమే కలదు. దానము చేయనిచ్చినచో డిస్కు స్థలపు లెక్కలనుండి జనులు తప్పించుకొందురని అందు కారణము చెప్పి, అట్టి లెక్కలు ఇంకను లేవని కూడ అక్కడనే ఒప్పుకొనిరి. రాబోవు లెక్కకు ముందుగనే ఏర్పడిన ఆ కట్టుబాటు నాకు మిక్కిలి ఇష్టము. తరువాత సిస్టమ్ ఫైవ్ వారు దానమును అనుమతించిరి. కోటాలు గల బర్కిలీ యూనిక్స్ వారు ససేమిరా అనిరి. నేను బర్కిలీ పక్షమువాడను. పుచ్చుకొనువాని సమ్మతి యడుగక అతని పేరిట ఆస్తి వ్రాయుట, దాని భారమును, దానివలన రాగల నిందను కూడ అతని నెత్తిన పెట్టుటయే. ఆ యువతికి జరిగినదియు అదియే. ఇక్కడ దాత సైతము లేడు.

ఇంతవరకు వచ్చిన పిమ్మట, ఫైలుపై సంఖ్యకు బదులు పేరే వ్రాసియుండిన బాగుండెడిదని తోచును. కాని పేర్లు మారును: వివాహమున ఇంటిపేరు మారును, అక్షరదోషము దిద్దబడును. అట్టి మార్పును ఖాతాల పట్టికలో ఒక్కచోట చేసిన మాత్రమున, లక్షల ఫైళ్లలో ఒక్కదానినైనను ముట్టకయే, అన్నిటిపైనను కొత్త పేరు కనబడుట ఆ సంఖ్యవలననే సాధ్యము. సంఖ్యకు అర్థముండవలెనన్న పట్టికలో పేరు నిలువవలెను. కావున, వెళ్లినవారి అకౌంటును ఆనాడే తుడిచివేయుడని ఇక్కడనే పలుమారులు వాదించిన నేను, ఇప్పుడు తుడువవలదనుచున్నాను, మూసియుంచుడు. ‘యూజర్‌మాడ్ -ఎల్’ ఒక్కటి చాలదు; అది పాస్‌వర్డును మాత్రమే బిగించును, ఎస్‌ఎస్‌హెచ్ కీ గలవారు అనేక సర్వర్లలో అప్పటికిని లోనికి రాగలరు. అకౌంటు గడువును గతించిన తేదీకి మార్చి, షెల్‌ను నోలాగిన్ చేయవలెను.

ఆ కార్యాలయమున మొదట 777ను తొలగించితిమి. వెళ్లినవారి అకౌంటును ఎవరికిని లేని సంఖ్యతో మరల తెరిచి, వెంటనే మూసి, ఆ యువతి చేరిన తేదీకి పూర్వపు ఫైళ్లను ‘ఫైండ్’తో ఏరి, ‘సీహెచ్‌ఓన్’తో వారి పేరికి మరలించితిమి. అకౌంటెంటుగారికి యాజమాన్యము నీయలేదు. జీతాల పనికొక గ్రూపు నేర్పరచి, అందు వారిని చేర్చి, ఆ గ్రూపునకు చదువు హక్కు నిచ్చితిమి. డైరెక్టరీకి సెట్‌జీఐడీ బిట్ పెట్టుటచే ఇకమీదట అక్కడ పుట్టు ఫైళ్లన్నియు ఆ గ్రూపునకే చెందును. అకౌంటెంటుగారు కోరినదియు ఇదియే: పట్టికలో ఒక అంకె పొసగనపుడు, దానిని వ్రాసినవారెవరో చూచి వారికి ఫోను చేయవలెను గదా.