ఆట పూర్తిగా చేతికందాలి
అండమాన్ నుంచి ఒక సాధారణ ఆటగాడి సమీక్ష

వీడియో ఆటల గురించి రాసేవారిలో ఎక్కువమంది నిపుణులు. బొమ్మల స్పష్టత, ప్రాసెసర్ వేగం, సెకనుకు ఎన్ని చిత్రాలు అన్నవి వారి కొలమానాలు. ఈ వ్యాసకర్త ఆ కోవకు చెందడు. వారానికి రెండు మూడు గంటలు, అదీ వాన పట్టి బయటికి కదలడానికి వీల్లేని సాయంత్రాల్లో ఆడేవాడు. ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురిసే అండమాన్‌లో అలాంటి సాయంత్రాలకు కొదవ లేదు.

ఈ ద్వీపాల్లో నూటికి దాదాపు 13 మంది మాతృభాష తెలుగని 2011 జనాభా లెక్కలు చెబుతున్నాయి. విశాఖపట్నం నుంచో, చెన్నై నుంచో ఓడలో రెండు మూడు రోజులు ప్రయాణించి వచ్చే సామాను మీద ఆధారపడిన సంసారాలు మనవి. ఇక్కడ ఒక వస్తువు మంచిదా కాదా అన్నది తేల్చడానికి ఒకే ప్రశ్న చాలు: పెట్టె విప్పాక అది తనంతట తాను పనిచేస్తుందా? టీవీకి తగిలించి ఆడే ఆటల యంత్రాలను, అంటే కన్సోళ్లను, ఈ ప్రశ్నతోనే పరీక్షిద్దాం.

నలభై కిలోబైట్ల లోకం

1983లో జపాన్‌లో నింటెండో సంస్థ ఫామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. 1990 దశకంలో మన ఇళ్లకు ‘టీవీ గేమ్’ పేరుతో చేరినవి చాలావరకు దీని నకళ్లే. దాని ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్. పని చేసుకోవడానికి ఉన్న జ్ఞాపకశక్తి 2 కిలోబైట్లు మాత్రమే. 1985లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడిపోయింది. అందులో 32 ప్రోగ్రాముకు, 8 బొమ్మలకు. స్థలం చాలక నిర్మాతలు ఒకే ఆకారానికి తెలుపు రంగు వేసి మబ్బుగా, ఆకుపచ్చ వేసి పొదగా చూపించారు. ఏళ్ల తరబడి ఆడినా చాలామంది ఈ సంగతి గమనించరు.

ఈ ఆటకు నా దృష్టిలో ఇప్పటికీ మొదటి మార్కే. కారణం పాత జ్ఞాపకాల మీది మమకారం కాదు, బోధనా పద్ధతి. మొదటి స్టేజిలోనే ఒక శత్రువు ఎదురొస్తుంది. గెంతకపోతే చస్తాం, గెంతితే దాని నెత్తిన పడతాం. పక్కనున్న పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి, గొట్టానికి తగిలి, తిరిగి మన వైపే జారుకుంటూ వస్తుంది. అది తగిలినప్పుడు చావకుండా పెద్దవాళ్లం అవుతాం. చదవడం రాని పిల్లవాడికి కూడా అర నిమిషంలో నియమాలు తెలిసిపోతాయి. సూచనల పుస్తకం అక్కర లేదు, భాష అడ్డు రాదు.

‘కాంట్రా’ దీనికి పూర్తిగా భిన్నం. ఒంటరిగా ఆడితే విసుగు, ఇద్దరు కలిసి ఆడితే పండగ. మూడు లైఫ్‌లతో చివరిదాకా వెళ్లడం సామాన్యుడికి అసాధ్యం కనుక, ముప్పై లైఫ్‌లు ఇచ్చే మీటల వరుస నోటి మాటగా పాకింది. ఇంతటి కష్టాన్ని నైపుణ్యమని పొగడటం నాకు సమ్మతం కాదు. ఆట కొద్దిసేపటిదని తెలియకుండా ఉండడానికి చాలా పాత ఆటల్లో కష్టాన్ని అడ్డం పెట్టారు.

ఇక ‘వందల ఆటలు ఒకే క్యాసెట్‌లో’ అన్న ప్రచారం శుద్ధ మోసం. ఆడి చూస్తే తేలేవి పది పన్నెండు. మిగిలినవన్నీ అవే ఆటలు, రంగు మార్చినవో మధ్య స్టేజి నుంచి మొదలయ్యేవో.

తుపాకీ గుట్టు, నోటి గాలి

బాతులను కాల్చే ‘డక్ హంట్’ ఆటలో తుపాకీ నుంచి ఏ కిరణమూ రాదని తెలిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. కాంతిని వెలువరించేది టీవీ, చూసేది తుపాకీ. గుర్రం నొక్కగానే తెర ఒక్క చిత్రం పాటు నల్లబడుతుంది. తర్వాతి చిత్రంలో బాతు ఉన్నచోట తెల్లని చదరం వెలుగుతుంది. గొట్టంలోని ఫోటోడయోడ్ మొదట చీకటిని, వెంటనే వెలుగును చూస్తే గురి తగిలినట్లు. ఇదంతా సెకనులో చిన్న భాగంలో ముగుస్తుంది. నేటి ఎల్‌సీడీ టీవీ బొమ్మను సిద్ధం చేసి చూపడంలో కొంత ఆలస్యం చేస్తుంది. పాత పిక్చర్ ట్యూబు వెలుగులోని లయ కూడా దీనికి లేదు. అందుకే ఆ తుపాకీ కొత్త టీవీ ముందు గుడ్డిది.

క్యాసెట్ పని చేయకపోతే నోటితో ఊదడం మనందరి వైద్యం. నిజానికి నయం చేసింది గాలి కాదు. క్యాసెట్‌ను తీసి మళ్లీ పెట్టినప్పుడు లోహపు పళ్లు సరిగా కూర్చునేవి. నోటి గాలిలోని తేమ ఆ పళ్లకు తుప్పు పట్టిస్తుంది కనుక ఊదవద్దని నింటెండోయే చెప్పింది. ఉప్పు గాలి వీచే ద్వీపంలో ఈ హెచ్చరిక రెట్టింపు వర్తిస్తుంది.

పాత యంత్రాలకు పెద్ద లోపం ఒకటుంది. చాలా ఆటల్లో ఆగినచోటు గుర్తుంచుకునే ఏర్పాటు లేదు. కరెంటు పోతే మళ్లీ మొదటికి రావాల్సిందే. 1987లో అమెరికాలో అమ్మిన ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ క్యాసెట్‌లో ఇందుకోసం చిన్న బ్యాటరీ పెట్టారు. అలాంటివి మన నకలు క్యాసెట్లలో అరుదు.

డిస్కుల కాలం, హైదరాబాద్ ఆటలు

2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2 ప్రపంచవ్యాప్తంగా 16 కోట్లకు పైగా అమ్ముడైంది. సాధారణ ఆటగాడికి అంతకంటే అనుకూలమైన యంత్రం తర్వాత రాలేదని నా అభిప్రాయం. డిస్కు పెట్టు, ఆడు, ఆగినచోటు చిన్న మెమరీ కార్డులో దాచుకో. అంతే. ‘క్రికెట్ 07’లో ఒక కర్రతో అడుగు, మరో కర్రతో దెబ్బ అన్న ఏర్పాటు తెలివైనది. ఆటగాళ్ల జాబితా 2006 దగ్గరే ఆగిపోయింది. అయినా ఆ డిస్కు ఈ రోజు పెట్టినా ఆట నడుస్తుంది.

తెలుగువారు గుర్తుంచుకోవలసిన రెండు ఆటలు 2009లో ఈ యంత్రానికే వచ్చాయి. హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ను, అదే నగరంలోని గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా’ను తయారుచేశాయి. మొదటిదానిలో కథ మనదే గాని, ఆట నడక పరాయి సాహస ఆటలను చూసి నేర్చుకున్నట్లు అనిపిస్తుంది. రెండవదానిలో బిళ్ళంగోడు, కబడ్డీ, గాలిపటం ఉన్నాయి. బిళ్ళంగోడులో అసలు సుఖం మణికట్టులో ఉంది. దాన్ని బొటనవేలికి దించితే సగం రుచి పోతుంది. అయినా ప్రయత్నం మెచ్చదగినది. రెండూ డిస్కులో పూర్తిగా ఉన్నాయి, మరే సర్వర్ అనుమతీ అడగలేదు.

ఖాళీ పెట్టెలు

ఆ తర్వాత కాలంలో చిత్రం మారింది. డిస్కు కొన్నాక యంత్రం మొదట చేసేది ఇంటర్నెట్‌లో ‘సవరణ’ కోసం వెతకడం. ఆటల పరిమాణం 50, 100 గిగాబైట్లు దాటింది. 2019 నాటి ‘కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్’ అన్ని చేర్పులతో కలిపి 200 దాటింది. 2025 జూన్‌లో నింటెండో స్విచ్ 2తో పాటు వచ్చిన ‘కీ కార్డు’ల్లోనైతే ఆటే లేదు. కార్డు తాళంచెవి మాత్రమే. ఆటను ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి.

ఇది ద్వీపవాసికి ఏమవుతుందో లెక్క కడదాం. 2020 ఆగస్టు వరకు అండమాన్‌కు బయటి ప్రపంచంతో సంబంధం ఉపగ్రహాల ద్వారానే. సెకనుకు 2 మెగాబిట్ల వేగం నిలకడగా దొరికిందనుకుందాం. 100 గిగాబైట్లంటే 8 లక్షల మెగాబిట్లు. దించుకోవడానికి 4 లక్షల సెకన్లు, అంటే 111 గంటలు పడుతుంది. విశాఖ ఓడ ఒక డిస్కుతో అంతకంటే ముందే రేవు చేరుతుంది! నలభై కిలోబైట్ల మారియోకు అదే వేగంలో సెకనులో ఆరో వంతు చాలు.

ఇతరులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడటానికి మరో అడ్డంకి ఉంది. భూస్థిర ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సంకేతం పైకి వెళ్లి కిందికి రావడానికి 0.24 సెకను. మన మీట అవతలికి చేరి జవాబు తిరిగి రావడానికి అరసెకను. సెకనుకు 60 చిత్రాల ఆటలో అంటే 29 చిత్రాలు గడిచిపోతాయి. కాంతి వేగమే అంత, ఎంత డబ్బు పెట్టినా తగ్గేది కాదు.

తీగ వచ్చింది కదా!

2020 ఆగస్టు 10న చెన్నై–అండమాన్ సముద్రగర్భ కాంతి తంతువు ప్రారంభమైంది. పొడవు 2,312 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 1,224 కోట్ల రూపాయలు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు (2024 సెప్టెంబర్‌లో దీనికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు) మరో ఏడు ద్వీపాలకు అది చేరింది. గాజులో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. మొత్తం పొడవును లెక్కించినా వెళ్లి రావడానికి సెకనులో నలభయ్యో వంతు లోపే. ఇది గొప్ప మేలు. చదువుకు, వైద్యానికి, వ్యాపారానికి, ఆటకు కూడా.

మరి ఫిర్యాదు ఎందుకు? ఎందుకంటే తీగ వేగాన్ని ఇస్తుంది, హక్కును ఇవ్వదు. ‘ద క్రూ’ అనే కారు పందేల ఆట 2014లో వచ్చింది. ఒంటరిగా ఆడినా దానికి సర్వర్‌తో నిరంతర సంబంధం కావాలి. 2024 మార్చి 31న ఉబిసాఫ్ట్ సంస్థ సర్వర్లు ఆపేసింది. డబ్బిచ్చి కొన్నవారి దగ్గర డిస్కు ఉంది, ఆట లేదు. ఆ సంఘటన నుంచి పుట్టిన ఉద్యమానికి ఐరోపాలో 2025 నాటికి పది లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి నుంచి ఒక చట్టం అమల్లోకి వచ్చింది. తర్వాత వెనక్కి తీసుకోగల డిజిటల్ సరుకును ‘కొనండి’ అని అమ్మాలంటే, ఇది అనుమతి మాత్రమేనని స్పష్టంగా చెప్పి తీరాలి.

సవరణలు మంచివే కదా అని కొందరంటారు. నిజమే. పాత క్యాసెట్‌లో తప్పు ఉంటే అది శాశ్వతం. కాని సవరణ చేయవచ్చన్న ధీమాతో సగం ఉడికిన అన్నాన్ని వడ్డించడం వేరు. 2020 డిసెంబర్‌లో విడుదలైన ‘సైబర్‌పంక్ 2077’ పాత కన్సోళ్లలో ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారం రోజులకే సోనీ తన దుకాణం నుంచి దాన్ని తొలగించింది. తిరిగి అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. తర్వాత అది బాగుపడిందన్నది నిజం. మొదటి రోజే పూర్తి ధర ఇచ్చినవాడు పరీక్షకుడిగా మిగిలాడన్నదీ నిజమే.

పెట్టె మీద మూడు మాటలు

మందు సీసా మీద గడువు తేదీ ఉంటుంది. బిస్కెట్ పొట్లం మీద బరువు ఉంటుంది. వేల రూపాయల ఆట పెట్టె మీద కూడా మూడు విషయాలు పెద్ద అక్షరాల్లో ఉండాలి. డిస్కులో ఆట ఎంత ఉంది, ఇంకా ఎన్ని గిగాబైట్లు దించుకోవాలి? ఇంటర్నెట్ లేకుండా నడుస్తుందా? సర్వర్లు కనీసం ఏ సంవత్సరం వరకు ఉంటాయి?

అంతవరకు కొనేవారే జాగ్రత్తపడాలి. కొత్త డిస్కు తెచ్చాక ఇంటర్నెట్ తీసేసి ఒకసారి ఆడి చూడండి. నడిస్తే అది మీ సొత్తు. నడవకపోతే అది అద్దె వస్తువు, దానికి అద్దె ధరే న్యాయం. ఏటా ప్రపంచంలో 150 నుంచి 200 సముద్రగర్భ తీగలు లంగర్ల వల్లో, వలల వల్లో దెబ్బ తింటున్నాయి. తీగ తెగిన రోజున మన పిల్లల చేతిలో మిగిలేవి పూర్తిగా చేతికందిన ఆటలే.