దీపా ధన్‌రాజ్ డాక్యుమెంటరీలు: శ్రామిక స్త్రీ స్వరం

కీలక పదాలు: డాక్యుమెంటరీ, యుగాంతర్, ఇంటి పని, స్త్రీవాదం, సామూహిక కర్తృత్వం

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులో పుట్టి, బెంగుళూరును కార్యక్షేత్రంగా చేసుకున్న దీపా ధన్‌రాజ్ నాలుగు దశాబ్దాలుగా డాక్యుమెంటరీలు తీస్తున్నారు. 1980లో అభా భయ్యా, నవరోజ్ కాంట్రాక్టర్, మీరా రావులతో కలిసి ఆమె స్థాపించిన యుగాంతర్ బృందం నాలుగు చిత్రాలను నిర్మించింది. తెలుగు విమర్శ స్త్రీవాద కవిత్వానికి ఇచ్చినంత స్థానం వీటికి ఇవ్వలేదు. శ్రమను ఈ చిత్రాలు ఎలా నిర్వచించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. కార్ఖానా నుంచి ఇంటికి

'మోల్‌కరీణ్' (1981) పుణెలో ఇంటి పనిచేసే స్త్రీలు సంఘటితమైన తీరును చూపుతుంది. 'తంబాకూ చాకిలా ఊబ్ ఆలీ' (1982) కర్ణాటకలోని నిపాణి పొగాకు కార్మిక స్త్రీల పోరాటానికి సంబంధించినది. కార్మికులతో కలిసి చర్చించి, వారి అనుభవాలను వారిచేతనే మళ్ళీ నటింపజేయడం ఇందులోని విశిష్టత. ఇక్కడ కార్మికురాలు జాలి కలిగించే దృశ్యం కాదు. తన కథను తానే నిర్ణయించుకునే వ్యక్తి.

కార్ఖానాకు గేటు ఉంటుంది, కూలికి లెక్క ఉంటుంది. కుటుంబంలోని హింసకు అటువంటి ఆనవాళ్ళు ఉండవు. అక్కడికి కెమెరా వెళ్ళలేదు. హైదరాబాదుకు చెందిన స్త్రీశక్తి సంఘటనతో కలిసి తెలుగులో తీసిన 'ఇది కథ మాత్రమేనా?' (1983) డాక్యుమెంటరీని వదిలి కల్పనను ఆశ్రయించడానికి కారణాన్ని ఈ పరిమితిలో వెదకవచ్చు. పేరులోని ప్రశ్నే అందుకు సమాధానం. స్త్రీల గొంతును సాక్ష్యంగా స్వీకరించే ఈ దృష్టే అదే సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాట స్త్రీల జ్ఞాపకాల సేకరణగా విస్తరించింది.

3. కర్తృత్వ సమస్య

ఈ చిత్రాలను దీపా ధన్‌రాజ్ ఒక్కరి ఖాతాలో వేస్తే సామూహిక కృషి మరుగున పడుతుంది. ఆమె పేరును విస్మరిస్తే, హైదరాబాదు మత ఘర్షణలపై 'క్యా హువా ఇస్ షహర్ కో?' (1986) నుంచి, రోహిత్ వేముల మరణానంతర ఉద్యమంపై 2018లో వచ్చిన చిత్రం వరకు సాగిన నిరంతరత కనిపించదు. రెండింటినీ కలిపి చూడడమే సమంజసం.

4. ముగింపు

ఇంటి పనివారి హక్కులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒప్పందాన్ని భారతదేశం ధ్రువీకరించలేదు. గడ్డిఅన్నారం, దిల్‌సుఖ్‌నగర్ కాలనీలలో తెల్లవారగానే నాలుగిళ్ళ పనికి బయలుదేరే స్త్రీలకు 'మోల్‌కరీణ్' నేటికీ గతకాలపు చిత్రం కాదు. తెలుగు స్త్రీవాద చరిత్ర రచనలో ఈ చిత్రాలను కూడా మూలాధారాలుగా గ్రహించవలసి ఉంది.